కేబుల్ జాయింటు సీలింగ్: అపోహలు - వాస్తవాలు

విశాఖపట్నంలో సముద్రపు ఉప్పుగాలి, తగ్గని ఉక్కపోత, ఒక్క వానకే నిండిపోయే మ్యాన్‌హోళ్లు టెలికాం కేబుల్ జాయింటును, అంటే కేబుళ్లను కలిపిన చోటును, ఏడాది పొడవునా పరీక్షిస్తూనే ఉంటాయి. అయినా జాయింటులోకి నీరు, తేమ చొరకుండా మూసే సీలింగ్ గురించి కొన్ని తప్పుడు నమ్మకాలు పనివారిలో పాతుకుపోయాయి.

అపోహ: లోపల జెల్లీ నింపిన కేబుల్‌కు జాయింటు దగ్గర గట్టి సీలింగ్ అక్కర్లేదు.

వాస్తవం: జెల్లీ పని కేబుల్ లోపల నీరు పాకకుండా ఆపడమే. జాయింటు వేసేటప్పుడు దాన్ని మనమే తుడిచేస్తాం కాబట్టి అక్కడ రక్షణ భారమంతా జాయింటును కప్పి మూసే క్లోజర్‌దే.

అపోహ: టేపు దట్టంగా చుట్టి సిలికాన్ పూస్తే చాలు.

వాస్తవం: కేబుల్ పైతొడుగు పాలిథిలీన్, మామూలు టేపు జిగురు దానికి గట్టిగా పట్టదు, ఎండకు మెత్తబడి జారిపోతుంది. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ ఆరేటప్పుడు వెలువడే అసిటిక్ ఆమ్లం రాగిని తినేస్తుంది కనుక రాగి జాయింట్లకు దాన్ని వాడనే కూడదు.

అపోహ: మంచి హీట్ ష్రింక్ స్లీవ్ (లోపల జిగురు పూత ఉండి, వేడికి ముడుచుకుని బిగుసుకునే గొట్టం) వేస్తే సీలింగ్ దానంతటదే కుదురుతుంది.

వాస్తవం: నా దృష్టిలో అత్యధిక నష్టం చేసే అపోహ ఇదే. కేబుల్ పైతొడుగు మీది జెల్లీని, మట్టిని పూర్తిగా తుడిచి, ఎమెరీ గుడ్డతో కేబుల్ చుట్టూ అడ్డంగా రుద్దాలి. పొడవునా రుద్దితే పడే ప్రతి గీత నీటికి కాలువ అవుతుంది. శుభ్రం చేసిన చోట చెమట చేతులు తగలనివ్వకూడదు. మంటను ఒకేచోట నిలపకుండా, స్లీవ్ మధ్య నుంచి చివరలకు నడిపిస్తే లోపలి గాలి బయటికి పోతుంది. రెండు చివరల్లోనూ కరిగిన జిగురు చుట్టూ సన్నని అంచులా కనిపించాలి. చల్లారేవరకు కేబుల్‌ను కదపరాదు.

అపోహ: కాంతితో సంకేతాలు మోసే ఆప్టికల్ ఫైబర్ గాజుతో చేసింది కాబట్టి నీటితో నష్టం లేదు.

వాస్తవం: వంపు ఒత్తిడిలో ఉన్న గాజు మీది సూక్ష్మమైన పగుళ్లను తేమ క్రమంగా పెంచుతుంది. లోపలి లోహ భాగాలు తుప్పు పడితే వెలువడే హైడ్రోజన్ కాంతి నష్టాన్నీ పెంచుతుంది.

అపోహ: క్లోజర్ మీద ఐపీ 68 (దుమ్ము, నీరు చొరకుండా ఆపే స్థాయిని తెలిపే గుర్తు) అని రాసి ఉంటే ఎంత లోతు నీటిలోనైనా భయం లేదు.

వాస్తవం: ఐపీ 67 అంటే 1 మీటరు లోతులో 30 నిమిషాలు, ఐపీ 68లో లోతును, సమయాన్ని తయారీదారు ప్రకటిస్తాడు. మూత అతుకును మూసే గ్యాస్కెట్ మీద ఇసుక రేణువు ఉన్నా, కేబుల్ దూర్చే పోర్టుల్లో వాడనిదానికి ప్లగ్ లేకున్నా ఆ హామీ వర్తించదు. వాల్వు ఉన్న క్లోజర్ అయితే, తయారీదారు చెప్పిన మేరకే గాలి నింపి, అతుకులన్నిటిమీద సబ్బునీరు పూసి, బుడగలు రాలేదని చూశాకే గోతిలో దించాలి.