సంతకం వస్తే చదువు వచ్చినట్టేనా?

మొన్న మా రాత్రి బడికి ఆడవాళ్లని పిలవడానికి వెళ్తే ఒకాయన గుమ్మంలోనే ఆపేశారు. "మా ఆవిడకి సంతకం వచ్చమ్మా, ఇంకేం నేర్పుతారు?" వయోజన విద్యలో పదహారేళ్లుగా ఉన్నాను. ఈ మాట వినని నెల లేదు. జనాన్ని ఎక్కువగా ముంచుతున్న అపోహ కూడా ఇదే.

సంతకం అక్షరాస్యత కాదు. జనాభా లెక్కల్లోనూ ఏదో ఒక భాషలో చదివి అర్థం చేసుకుని, రాయగలిగితేనే అక్షరాస్యులంటారు. మా కేంద్రానికి వచ్చే ఒక అక్క తన పేరు ముత్యాల్లా రాస్తుంది. ఆ పేరులోని 'మ'నే బస్సు బోర్డు మీద చూపిస్తే గుర్తుపట్టలేదు. ముగ్గు నేర్చుకున్నట్టు సంతకం నేర్చుకుంది, అంతే. పొదుపు సంఘం హాజరు అనుకుని వేరొకరి అప్పుకి జామీను సంతకం పెట్టి, రెండేళ్లు వాయిదాలు కట్టింది. వేలిముద్ర వేసే రోజుల్లో అయితే "ఏం రాశారు బాబూ?" అని అడిగేదట. సంతకం వచ్చాక అడగడానికి సిగ్గేసిందట. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరి మా పని దేనికంటారా? నెల్లూరు జిల్లా దూబగుంట చూడండి. 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమం వాచకంలో, తాగుడు వల్ల చితికిపోయిన ఒక ఇల్లాలి కథ ఉండేది. ఊళ్లో ఆడవాళ్లు అది చదివారు, "ఇది మన ఇంటి కథే కదా" అనుకున్నారు, సారా అమ్మకాన్ని ఆపించారు. ఆ పోరాటం జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. చదివినదాన్ని నలుగురూ కూర్చుని మాట్లాడుకోవడమే వయోజన విద్యకి ప్రాణం.

పెద్దయ్యాక బుర్రకెక్కదంటారా? కూలి లెక్క నోటితో కట్టే మనిషికి కూడిక కొత్త కాదు, కాగితం మీద పెట్టడమే కొత్త. 35 ఏళ్లు దాటితే చేర్చుకోరంటారా? ఇప్పటి కేంద్ర ప్రభుత్వ వయోజన విద్యా పథకం 'ఉల్లాస్'లో 15 ఏళ్లు దాటిన ఎవరైనా చేరవచ్చు.

చదువు వచ్చిందని రాస్తే పింఛను తీసేస్తారన్న పుకారు మాత్రం ఎవరు పుట్టించారో గానీ, ఒళ్లు మండుతుంది. పింఛనుకీ చదువుకీ సంబంధమే లేదు. కానీ ఆ భయంతో మానేసిన అవ్వ మీద నాకు కోపం రాదు. ఆ డబ్బుతోనే ఆమె పొయ్యి వెలుగుతుంది.

అమ్మకి సంతకం నేర్పించిన పిల్లలూ, అక్కడ ఆపకండి. ఆవిడ పొదుపు పుస్తకం తెరిచి, కట్టిన సొమ్ము, మిగిలిన అప్పు ఎక్కడున్నాయో ఆవిడ వేలితోనే చూపించమనండి. జామీను పెట్టిన ఆ అక్క తనంతట తాను మొదట చదివిన మాట కూడా 'అప్పు' అనేదే.