ప్రసారం కాకుండానే అభిమానుల్ని సంపాదించుకున్న ‘హీట్ విజన్ అండ్ జాక్’

అమెరికా టీవీ చానెళ్లు కొత్త సీరియల్ మొదలుపెట్టే ముందు ఒక్క ఎపిసోడ్ తీయించి చూస్తాయి. దాన్నే పైలట్ అంటారు. నచ్చితే సిరీస్‌కి ఆర్డర్ ఇస్తారు, నచ్చకపోతే ఆ టేపు మూలన పడుతుంది. 1999లో ఫాక్స్ చానెల్ కోసం తీసిన ‘హీట్ విజన్ అండ్ జాక్’ అలా మూలన పడ్డదే.

రాసింది డాన్ హార్మన్, రాబ్ ష్రాబ్. దర్శకుడు బెన్ స్టిల్లర్. కథ వింటేనే నవ్వొస్తుంది. అంతరిక్షంలో సూర్యకిరణాలు సోకి జాక్ ఆస్టిన్ అనే వ్యోమగామి మహా మేధావి అయిపోతాడు. అయితే ఎండ ఉన్నంతసేపే ఆ తెలివి. పొద్దు వాలిందంటే మామూలు మనిషే! అతని రూమ్మేట్ ఒక మోటార్‌సైకిల్‌లో కలిసిపోయి, మాట్లాడే బండిగా మారతాడు. జాక్‌గా జాక్ బ్లాక్ నటించాడు, బండికి ఓవెన్ విల్సన్ గొంతిచ్చాడు. వీళ్ల వెంటపడే విలన్ పేరు రాన్ సిల్వర్. ఆ పాత్ర వేసింది నటుడు రాన్ సిల్వరే. బయటికి నటుడు, లోపల నాసా మనిషి అన్నమాట. నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ ఊహే. ఇంత విడ్డూరాన్ని కూడా అందరూ సీరియస్ యాక్షన్ సీరియల్‌లో ఉన్నట్టే నటించారు. మాట్లాడే కారుతో నడిచే ‘నైట్ రైడర్’ లాంటి పాత సీరియళ్లను ఇష్టపడి చూసినవాళ్లు మాత్రమే చేయగల పేరడీ ఇది.

ఫాక్స్ వద్దంది. ఆ రోజుల్లో కామెడీ అంటే ఎక్కువగా స్టూడియో సెట్టు, ప్రేక్షకుల నవ్వులు. వాటి మధ్య ఇది ఇమిడేది కాదు. కానీ దీని కాపీలు చేతులు మారాయి, తర్వాత ఇంటర్నెట్‌లోకి వచ్చాయి. అప్పటికి జాక్ బ్లాక్, ఓవెన్ విల్సన్ ఇద్దరూ పెద్ద స్టార్లు. వాళ్లకోసం వెతుక్కుంటూ వచ్చినవాళ్లు దీని అభిమానులైపోయారు.

హార్మన్, ష్రాబ్ మాత్రం ఇంకో చానెల్ పిలుపు కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. లాస్ ఏంజెలిస్‌లో ‘చానెల్ 101’ పెట్టారు. పేరుకే చానెల్, నిజానికి అది హాల్లో చిన్న సినిమాలు చూపించే వేదిక. ఎవరైనా ఐదు నిమిషాల పైలట్ తీసుకురావచ్చు. హాల్లో కూర్చున్న ప్రేక్షకులే ఓట్లేస్తారు, ఓట్లు పడినవాటికే తర్వాతి ఎపిసోడ్. ఆఫీసు గదుల్లో నలుగురు తేల్చే విషయాన్ని వీళ్లు నేరుగా జనం చేతికిచ్చారు. అక్కడ సినిమాలు చూపించినవాళ్లలో జస్టిన్ రోయిలాండ్ ఒకడు. 2013లో అతను, హార్మన్ కలిసి మొదలుపెట్టిన కార్టూన్ సిరీసే ‘రిక్ అండ్ మోర్టీ’.