టీమ్ స్లైడ్ మీద అపోహలు: డిగ్రీ లేదని మనిషిని దాచకండి

విజయవాడ గవర్నర్‌పేటలో చిన్న ఆఫీసు పెట్టుకుని పదకొండేళ్లుగా ప్రెజెంటేషన్లు చేసి ఇస్తున్నాను. వాటిలో ఆ వ్యాపారం నడిపే మనుషుల్ని పరిచయం చేసే పేజీయే టీమ్ స్లైడ్. నెలకి ఒక్కరైనా వచ్చి ఇదే మాట అంటారు: "టీమ్ స్లైడ్ మనకెందుకులెండి మేడమ్, మాలో చెప్పుకోదగ్గ చదువులున్నవాళ్లు లేరు." పోయిన వారం కూడా విన్నాను. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ రాసేస్తున్నాను.

అపోహ: టీమ్ స్లైడ్ అంటే డిగ్రీలు, హోదాల జాబితా.

గుంటూరు నుంచి ఒకాయన వచ్చారు. మిర్చి పొడి యూనిట్ పెట్టి ఎగుమతి చేయాలని ఆలోచన. బ్యాంకు లోన్‌కి, బయట బయ్యర్లకి ఒకే డెక్, అంటే స్లైడ్ల ప్రెజెంటేషన్, కావాలన్నారు. ఆయన తెచ్చిన టీమ్ స్లైడ్‌లో నలుగురున్నారు. ఆయన మేనేజింగ్ డైరెక్టర్, వాళ్లావిడ డైరెక్టర్, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్న వాళ్లబ్బాయి చీఫ్ టెక్నాలజీ ఆఫీసర్, తెలిసిన రిటైర్డ్ ఆఫీసర్ ఒకరు అడ్వైజర్.

"మరి సరుకు ఎవరు కొంటారండీ?" అని అడిగాను.

"మా బామ్మర్ది మేడమ్. 18 ఏళ్లుగా మిర్చి యార్డులోనే ఉన్నాడు."

"ఆయన ఫొటో లేదేం?"

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "వాడు టెన్త్ దాటలేదండీ. బ్యాంకువాళ్లు చులకనగా చూస్తారేమోనని..." అన్నారు.

నాకు నిజంగా బాధేసింది. మిర్చిలో లాభం, నష్టం కొనేటప్పుడే సగం తేలిపోతాయి. తేమ ఎక్కువున్న కాయ కొంటే బూజు పడుతుంది, అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం వస్తుంది, ఎగుమతి సరుకు వెనక్కి వస్తుంది. ఘాటు కోసం తేజ రకం, రంగు కోసం బ్యాడిగి రకం, ఏ ఆర్డర్‌కి ఏది ఎంత కలపాలో తెలియాలి. బస్తా విప్పి రెండు కాయలు విరిచి చూసి, ఇందులో తాలు (రంగు పోయిన నాసి కాయ) ఎంత కలిసిందో చెప్పగల మనిషి ఇంట్లో ఉన్నాడు. ఆ మనిషినే స్లైడ్ మీంచి తీసేశారు!

మేము మార్చింది పెద్దగా ఏమీ లేదు. బామ్మర్ది గారి ఫొటోని ఆయన ఫొటో పక్కనే, అదే సైజులో పెట్టాం. కింద ఇలా రాశాం: "మిర్చి కొనుగోలు, గ్రేడింగ్. గుంటూరు యార్డులో 18 ఏళ్ల అనుభవం. తేజ, బ్యాడిగి, నంబర్ 334 అనే మిర్చి రకాల ఎంపిక, తేమ తనిఖీ ఈయన బాధ్యత." అబ్బాయి పేరు కింద హోదా తీసేసి, ఆ అబ్బాయి నిజంగా చేసే పని రాశాం: "వెబ్‌సైట్, ఆన్‌లైన్ విచారణలు." అడ్వైజర్ గారిని అడిగి పెట్టారా అంటే, "ఏమీ అనుకోరులెండి" అన్నారు. ఆ పేరు అక్కడికక్కడే తీసేశాను. బ్యాంకు మేనేజర్ ఆయనకే ఫోన్ చేసి కనుక్కుంటే మిగతా స్లైడ్ల మీద కూడా నమ్మకం పోతుంది.

ఒక్కో మనిషికి రాయాల్సింది మూడే. పేరు, ఇక్కడ చేసే పని, ఆ పని ఇంతకుముందు ఎక్కడ ఎలా చేశారో ఒక్క వాక్యం. "ఎంబీఏ, డైనమిక్ లీడర్, అపార అనుభవం" అని రాస్తే ఎదుటివాళ్లకి ఏం తెలుస్తుంది? "ఆటోనగర్‌లో 9 ఏళ్లు లారీ బాడీ వర్క్‌షాప్ నడిపారు" అంటే తెలుస్తుంది. ఇది తెలుసుకోవడానికి నేను క్లయింట్లని ఒకటే అడుగుతాను: రేపు ఈయన పది రోజులు రాకపోతే ఏ పని ఆగిపోతుంది? జవాబు ఏదైతే అదే ఆయన లైను. ఏ పనీ ఆగదంటే ఆ ఫొటో స్లైడ్ మీద అక్కర్లేదు.

ఇక "ఐఐటీ పేరు లేకపోతే ఇన్వెస్టర్ డెక్ మూసేస్తాడు" అని వాట్సాప్ గ్రూపుల్లో తిప్పే మాట ఒకటుంది. దయచేసి దాన్ని ఫార్వర్డ్ చేయడం ఆపండి. మంచి కాలేజీ పేరు ఉపయోగపడుతుంది, కాదనను. కానీ దాన్ని విని రాత్రుళ్లు నిద్రపట్టక నా దగ్గరికి వచ్చిన పిల్లలున్నారు. 2015లో డాక్‌సెండ్ అనే సంస్థ సుమారు 200 స్టార్టప్ డెక్‌లని పరిశీలిస్తే, ఇన్వెస్టర్లు ఒక్కో డెక్ మీద సగటున గడిపింది 3 నిమిషాల 44 సెకన్లు. అందులో ఎక్కువసేపు ఆగి చూసిన స్లైడ్లలో టీమ్ స్లైడ్ ఒకటి. ఆగి చూసినా అది సెకన్ల లెక్కే. ఆ కాస్త టైములో పద్నాలుగు మంది బయోడేటాలు ఎవరూ చదవరు. ముగ్గురు చాలు, ఇద్దరైనా తప్పులేదు. అకౌంట్స్ మనిషి ఇంకా దొరకలేదా? "లోన్ వచ్చాక తీసుకుంటాం" అని రాయండి. లేనివాళ్లని ఉన్నట్టు చూపించే కంటే అది ఎంతో మేలు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. టీమ్ స్లైడ్ మొదట్లోనే ఉండాలన్నది తప్పు. ఇన్వెస్టర్, రచయిత గై కవాసాకి చెప్పిన పది స్లైడ్ల పద్ధతిలో అది పోటీదారుల స్లైడ్ తర్వాత, లెక్కలకి ముందు వస్తుంది. మనుషుల అనుభవమే మీ బలమైతే ముందుకి తెచ్చుకోండి. ఫొటోలకి స్టూడియో అక్కర్లేదు. కిటికీ ఎదురుగా ఒకే గోడ దగ్గర, అందరినీ ఒకే దూరం నుంచి తీయండి. పెళ్లి ఫొటోలోంచి కత్తిరిస్తే పక్కవాళ్ల భుజం కూడా వచ్చేస్తుంది. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే మొహం మసకబారుతుంది. తెలుగు పేర్లు అను ఫాంట్‌లో టైప్ చేసి పంపకండి, ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో పిచ్చి గీతలు కనిపిస్తాయి. అన్ని కంప్యూటర్లలోనూ కనిపించే యూనికోడ్‌లో చేసి, పీడీఎఫ్ కాపీ కూడా దగ్గర ఉంచుకోండి.

మిర్చి ఆయన బ్యాంకుకి బామ్మర్దిని కూడా తీసుకెళ్లారు. లెక్కల మీద ఇంకో రెండు సార్లు తిప్పారట, లోన్‌కి చాలా టైమ్ పట్టింది. కానీ మొదటి రోజు టీమ్ స్లైడ్ రాగానే మేనేజర్ గారు లాప్‌టాప్ మీంచి తలెత్తి, "వర్షానికి తడిసిన సరుకు ఎలా పట్టుకుంటారండీ?" అని అడిగింది బామ్మర్ది గారినే. ఆయన పావుగంట మాట్లాడారని, అంతసేపూ తను పక్కన కూర్చుని విన్నానని ఆ బావగారు నాకు ఫోన్ చేసి చెప్పారు.