ఆర్‌ఎన్‌ఏ పట్టు: చిన్న అణువులను గుర్తించే తీరుపై అపోహలు, వాస్తవాలు

అపోహ: ఒక అణువును మరొకదాని నుంచి వేరుచేసి గుర్తుపట్టే నేర్పు ప్రోటీన్లకే ఉంది, ఆర్‌ఎన్‌ఏ సమాచారం మోసే పోగు మాత్రమే.

వాస్తవం: ఉబ్బసానికి వాడే థియోఫిలిన్‌కూ, కాఫీలోని కెఫీన్‌కూ తేడా ఒక్క మిథైల్ సమూహమే (ఒక కార్బన్, మూడు హైడ్రోజన్‌ల చిన్న గుంపు). అయినా 1994లో ప్రయోగశాలలో ఎంపిక చేసిన ఒక ఆర్‌ఎన్‌ఏ ఆప్టమర్ (ఒక నిర్దిష్ట అణువును పట్టుకునేలా ఎంచుకున్న పొట్టి పోగు), కెఫీన్‌ కంటే థియోఫిలిన్‌ను సుమారు 10,000 రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. థియోఫిలిన్‌లో ఏడవ నైట్రజన్‌ మీదున్న హైడ్రోజన్‌ను ఈ ఆర్‌ఎన్‌ఏలోని ఒక సైటోసిన్ (ఆర్‌ఎన్‌ఏ పోగులోని నాలుగు క్షారాలైన అడినిన్, గ్వానిన్, సైటోసిన్, యురాసిల్‌లలో ఒకటి) హైడ్రోజన్ బంధంతో అందుకుంటుంది. కెఫీన్‌లో సరిగ్గా ఆ చోటే మిథైల్ ఉండడంతో బంధం ఏర్పడదు సరికదా, ఆర్‌ఎన్‌ఏ మడతల మధ్య ఉన్న ఇరుకైన గూట్లో దానికి చోటే చాలదు. (తేయాకు నుంచి 1888లో థియోఫిలిన్‌ను వేరుచేసిన ఆల్బ్రెక్ట్ కోసెల్, కేంద్రకామ్లాలలోని క్షారాలను వెలికితీసిన శాస్త్రవేత్త కూడా కావడం నాకెప్పుడూ ముచ్చటగా తోస్తుంది.)

అపోహ: ఆర్‌ఎన్‌ఏలో గూడు ముందే సిద్ధంగా ఉంటుంది; తాళంలోకి చెవి దూరినట్లు అణువు వచ్చి అందులో కూర్చుంటుంది.

వాస్తవం: పాఠాలు చెప్పేటప్పుడు ఈ పోలికను నేనూ వాడాను, ఇప్పుడు మానేశాను. బాసిలస్ సబ్టిలిస్ అనే బాక్టీరియాలోని గ్వానిన్ రైబోస్విచ్ (గ్వానిన్ చేరినప్పుడు మడత మార్చుకుని జన్యువు పనిని నియంత్రించే ఆర్‌ఎన్‌ఏ మీట) స్ఫటిక నిర్మాణం 2004లో వెలువడినప్పుడు, గ్వానిన్ ఉపరితలం దాదాపు అంతా ఆర్‌ఎన్‌ఏ మడతల్లో కప్పబడి కనిపించింది. అంతగా మూసుకుపోయిన గూట్లోకి బయటి అణువు వచ్చే దారి లేదు. కాబట్టి అణువు చేరిన తరువాతే మడత దాని చుట్టూ పూర్తవుతుందని అర్థం చేసుకోవాలి. అక్కడ 74వ స్థానంలోని సైటోసిన్ గ్వానిన్‌తో మామూలు క్షార జంటలాగే జతకడుతుంది. ఆ ఒక్క సైటోసిన్‌ను యురాసిల్‌గా మారిస్తే అదే ఆర్‌ఎన్‌ఏ గ్వానిన్‌ను వదిలి అడినిన్‌ను పట్టుకుంటుంది.

అపోహ: ఆర్‌ఎన్‌ఏకు ఋణావేశం ఉంటుంది కనుక ఋణావేశమున్న అణువులూ అయాన్లూ దాని దరిచేరలేవు.

వాస్తవం: నల్లగొండ నీళ్ల వల్ల మనకు చేదుగా పరిచయమైన ఫ్లోరైడ్ ఋణావేశమున్న అయానే. దాన్ని పసిగట్టే రైబోస్విచ్ బాక్టీరియాలలో ఉందని 2012లో తేలింది. అందులో ధనావేశమున్న మూడు మెగ్నీషియం అయాన్లు ఫ్లోరైడ్‌ను చుట్టుముట్టి పట్టుకుంటే, ఆ మెగ్నీషియం అయాన్లను ఆర్‌ఎన్‌ఏ ఫాస్ఫేట్లు పట్టుకుని ఉంటాయి. క్లోరైడ్ పరిమాణంలో పెద్దది కనుక ఆ అమరికలో ఇమడదు. ప్రయోగశాలలో కొత్తవారు ఆర్‌ఎన్‌ఏ తాను పట్టుకోవాల్సిన అణువును పట్టుకోవడం లేదని దిగులుగా వచ్చినప్పుడు, బఫర్‌లో (ప్రయోగానికి వాడే ద్రావణంలో) మెగ్నీషియం వేశారా అన్నదే నా మొదటి ప్రశ్న.

అపోహ: ఆర్‌ఎన్‌ఏను లక్ష్యంగా చేసుకునే మందులు నిన్నమొన్నటి ఆలోచన.

వాస్తవం: భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనకు సారథ్యం వహించిన లెడర్లీ అనే అమెరికా మందుల సంస్థ 1948లో వెలువరించిన ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ యాంటీబయాటిక్ కుటుంబంలో మొదటిది. ఈ కుటుంబపు మందులు బాక్టీరియా రైబోజోమ్‌లో (ప్రోటీన్లు తయారుచేసే కణయంత్రంలో) ప్రధానంగా దాని చిన్న ఉపభాగానికి చెందిన 16ఎస్ ఆర్‌ఎన్‌ఏకే అతుక్కుని ప్రోటీన్ తయారీని అడ్డుకుంటాయి. ఆ సంగతి కంటికి కనిపించేంత స్పష్టంగా తెలిసింది మాత్రం 2000లో, రైబోజోమ్ చిన్న ఉపభాగం స్ఫటిక నిర్మాణాలు వచ్చాకే.