186 కిలోల బండి ఎలా బరువెక్కింది

ఆదివారం రైడ్‌కి వెళ్లిన గుంపు టీ కొట్టు దగ్గర ఆగిందంటే ఒక వాదన తప్పదు. అడ్వెంచర్ బైకుల్లో, అంటే రోడ్డు మీదా మట్టిదారిలోనూ నడిచేలా చేసిన బళ్లలో, పెద్దది మేలా, మిడిల్‌వెయిట్ మేలా? పెద్ద బండి ఉన్నాయన హైవే గురించి మాట్లాడతాడు, మధ్యరకం బండి ఉన్నాయన మట్టిదారి గురించి మాట్లాడతాడు. ఇద్దరూ చెప్పేది నిజమే కాబట్టి వాదన తెగదు. కానీ మొదట్లో ఈ రెండు రకాలు లేవు. ఉన్నది ఒకటే బండి.

1980లో బీఎండబ్ల్యూ తెచ్చిన ఆర్80 జీ/ఎస్ అది. జీ అంటే జర్మన్‌లో గెలెండె, దారీతెన్నూ లేని నేల. ఎస్ అంటే ష్ట్రాసె, రోడ్డు. 800 సీసీకి రవ్వంత తక్కువ ఇంజిన్, 50 హార్స్‌పవర్, ముందు 21 అంగుళాల చక్రం. సస్పెన్షన్ ట్రావెల్, అంటే చక్రం పైకీ కిందికీ కదలగలిగే దూరం, ముందు 200 మి.మీ., వెనక 170 మి.మీ. ట్యాంకు నిండా పెట్రోలు పోస్తే బరువు సుమారు 186 కిలోలు. ఇప్పుడు మన ఊరి షోరూంలో దొరికే రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 బరువు 196 కిలోలు. మట్టిలోకి దిగడానికి ఇంత పెద్ద ఇంజినా అని ఆ రోజుల్లో జనం నోరెళ్లబెట్టిన బండి, ఇవాళ మనం ఎంట్రీ లెవెల్ అనుకునే బండికంటే పది కిలోలు తేలిక అన్నమాట.

దానికి పేరు తెచ్చింది పారిస్ నుంచి సహారా ఎడారి మీదుగా ఆఫ్రికాలోని డకార్ దాకా సాగిన పారిస్–డకార్ ర్యాలీ. 1978 డిసెంబర్‌లో మొదలైన ఆ పరుగులో మొదటి రెండుసార్లు గెలిచింది ఒకే సిలిండర్ ఉన్న యమహా ఎక్స్‌టీ500. తర్వాత హ్యూబర్ట్ ఓరియోల్ 1981, 1983లో, గాస్టన్ రాయే 1984, 1985లో బీఎండబ్ల్యూ మీద గెలిచారు. రాయే పొట్టి మనిషి. ఆ ర్యాలీ బండి మీద కూర్చుంటే కాళ్లు నేలకు సరిగా అందేవి కావు. సీటు ఎత్తు చూసి బేరం వదులుకునేవాళ్లకి ఈ సంగతి చెబుతుంటాను, పెద్దగా పని చేయదు. ఆపైన 1986 నుంచి 1989 వరకు నాలుగేళ్లూ హోండావే. ఆ ఊపులోనే 1988లో హోండా అడ్వెంచర్ బండి ఆఫ్రికా ట్విన్ మార్కెట్లోకి వచ్చింది.

మరి బరువు ఎప్పుడు పెరిగింది? కొన్నవాళ్లు ఎడారికి వెళ్లకపోవడంతో మొదలైంది. యూరప్‌లో ఈ బళ్లు కొన్నవాళ్లలో ఎక్కువమంది చేసింది భార్యని వెనక కూర్చోబెట్టుకుని, రెండు పక్కలా పెట్టెలు తగిలించి, ఆల్ప్స్ కొండల మీద తిరగడం. నిటారుగా కూర్చోవచ్చు, వెడల్పాటి హ్యాండిల్, గతుకులు తెలియనివ్వని సస్పెన్షన్. ఇంతకంటే సుఖమైన టూరింగ్ బండి వాళ్లకి ఎక్కడ దొరుకుతుంది? కంపెనీలు కూడా ఆ సుఖాన్నే పెంచుకుంటూ పోయాయి. 1994 నాటి బీఎండబ్ల్యూ ఆర్1100 జీఎస్ దగ్గరికి వచ్చేసరికి బరువు 243 కిలోలు. ముందు చక్రం 19 అంగుళాలకు తగ్గింది.

హ్యాండ్లింగ్ దారి మళ్లింది ఆ బండితోనే అని నా అభిప్రాయం. మామూలు ఫోర్కులు, అంటే ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే గొట్టాలు, రెండు పనులు చేస్తాయి: చక్రాన్ని పట్టుకుని తిప్పడం, గతుకుని మింగడం. ముందు బ్రేకు గట్టిగా పట్టుకుంటే బరువంతా ముందుకొచ్చి ఫోర్కులు కుంగుతాయి. ట్రావెల్ ఎక్కువున్న బండి ఇంకా ఎక్కువ కుంగుతుంది. బీఎండబ్ల్యూ ఆ రెండు పనుల్నీ విడదీసింది. టెలిలివర్ అనే ఆ పద్ధతిలో ఫోర్కులు చక్రాన్ని నడిపిస్తాయి, గతుకుల పని ఇంజిన్‌కి అతికించిన ఒక అడ్డచేయీ, దానిమీది షాక్ అబ్జార్బరూ చూసుకుంటాయి. బ్రేకు వేసినా ముక్కు నేలకు కుంగదు. వెనక భార్య, పెట్టెల్లో సామాను ఉన్నవాడికి ఇది వరమే. కాకపోతే ముందు చక్రం కింద ఏం జరుగుతోందో చేతులకు తెలిసే కబురు కూడా పలచబడింది. ఇసుకలో నడిపేవాడికి కావలసింది ఆ కబురే.

పెద్ద బండి హైవే మీద ఎందుకంత కుదురుగా ఉంటుందో అర్థం కావాలంటే ఖాళీ ట్రాక్టర్ ట్రక్కుని గుర్తు తెచ్చుకోండి. ఖాళీగా పోతే ఎగిరెగిరి పడుతుంది, ధాన్యం బస్తాలు వేస్తే సాఫీగా పోతుంది. చక్రం కంటే పైన ఉన్న బరువు ఎంత ఎక్కువైతే, చక్రం తన్నే తన్ను అంత తక్కువగా పైకి తెలుస్తుంది. అదే బండిని వదులు కంకర మీదికి తెచ్చి చూడండి. బరువు అప్పటిదాకా చేసిన మేలు మరిచిపోతుంది. ఒకసారి జారడం మొదలయ్యాక 250 కిలోలని కాలుతో ఆపగలిగేవాడు లేడు. మారేడుమిల్లి ఘాట్‌లో ఒక మిత్రుడి పెద్ద బండి తీసుకున్నాను. మలుపుల్లో గాల్లో తేలినట్టు వెళ్లింది, నాకే ఆశ్చర్యమేసింది. ఫొటో కోసం పక్కనున్న ఏటవాలు మట్టిలో వెనక్కి తిప్పబోతే కాలు అందలేదు. మెల్లగా, చాలా మర్యాదగా పడుకోబెట్టాను. లేపడానికి ముగ్గురం కావలసి వచ్చింది.

2004లో యువాన్ మెక్‌గ్రెగర్, చార్లీ బూర్మన్ అనే ఇద్దరు నటులు లండన్ నుంచి తూర్పుగా న్యూయార్క్ దాకా ఆర్1150 జీఎస్ అడ్వెంచర్ బళ్ల మీద వెళ్లారు. మంగోలియా బురదలో వాళ్లు ఎన్నిసార్లు పడ్డారో టీవీలో అందరూ చూశారు. చూసినవాళ్లు భయపడాలి నిజానికి. అవే బళ్లు కావాలని మనసు పడ్డారు!

పెద్ద బండికి ఇంకో చిక్కు ఉంది. ఇవాళ ఒక్కడే ఎక్కుతాడు, రేపు ఇద్దరూ మూడు పెట్టెలూ. ఒకే స్ప్రింగు ఈ రెండు బరువులకీ సరిపోదు. పానా తీసుకుని ప్రీలోడ్, అంటే స్ప్రింగు ముందస్తు బిగువు, మార్చుకునే ఓపిక చాలామందికి ఉండదు. దీనికి జవాబుగా 2013 నాటికి డుకాటి మల్టీస్ట్రాడా ఒక పక్క, బీఎండబ్ల్యూ ఆర్1200 జీఎస్ ఒక పక్క సెమీ యాక్టివ్ సస్పెన్షన్ తెచ్చాయి. సెన్సర్లు చక్రం కదలికని చూస్తుంటే, షాక్ అబ్జార్బర్‌లోని వాల్వు నూనె దారిని క్షణంలో బిగిస్తుంది, వదులు చేస్తుంది. డుకాటి దీనికి పెట్టిన పేరు స్కైహుక్, ఆకాశానికి తగిలించిన కొక్కెం. బండి పైనుంచి వేలాడుతున్నట్టు, కింద చక్రాలు మాత్రమే ఎగుడుదిగుడు పడుతున్నట్టు ఉండాలని ఊహ. పేరు బాగుంది, పనితనం ఇంకా బాగుంది. రిపేరు బిల్లు కూడా ఆకాశంలోనే ఉంటుంది.

ఇంతలో డకార్ ఏమైంది? 2011 నుంచి అక్కడ 450 సీసీ దాటిన మోటారు సైకిళ్లకు చోటు లేదు. పోటీ తేలికైంది, దాని పేరు చెప్పి అమ్మే బండి బరువెక్కింది.

ఖాళీ అయిన ఆ మధ్య చోటులోకి 2008లో బీఎండబ్ల్యూయే ఎఫ్800 జీఎస్ తెచ్చింది. 21 అంగుళాల చక్రం, మామూలు ఫోర్కులు, ముందు 230 మి.మీ. ట్రావెల్. తర్వాత ట్రయంఫ్ టైగర్ 800 వచ్చింది. అసలు మలుపు మాత్రం 2019. కేటీఎం 790 అడ్వెంచర్‌లో పెట్రోలు ట్యాంకుని ఇంజిన్‌కి రెండు పక్కలా కిందికి దించేశారు. 20 లీటర్ల పెట్రోలు బరువు మోకాళ్ల దిగువకి పోతే బండి ఎంత తేలికగా వాలుతుందో నడిపితేనే తెలుస్తుంది. దాని ఆర్ మోడల్‌కి ముందూ వెనకా 240 మి.మీ. ట్రావెల్. యమహా టెనెరె 700 సాదా బండి. సుమారు 204 కిలోలు, ఎలక్ట్రానిక్ సస్పెన్షన్ లేదు, స్క్రూలు తిప్పి మీరే సర్దుకోవాలి. నా మొగ్గు ఇలాంటి బండి వైపే. చేత్తో సర్దుకున్నవాడికి తన బండి ఏం చేస్తోందో తెలుస్తుంది.

ఇక్కడ మన దగ్గర మాటల తికమక ఒకటుంది. యూరప్‌వాళ్ల మిడిల్‌వెయిట్ అంటే 700 నుంచి 900 సీసీ. మనకి అది ఇల్లు తాకట్టు పెట్టే సైజు. మనవాళ్ల మిడిల్‌వెయిట్ 400 దగ్గర ఉంటుంది. 2016లో వచ్చిన హిమాలయన్ 411కి పవర్ పాతికకి అటూఇటూ, అయినా ముందు 200 మి.మీ. ట్రావెల్, 21 అంగుళాల చక్రం. గీతలు కూడా లేని స్పీడ్ బ్రేకర్ రాత్రిపూట ఎదురొచ్చే రోడ్ల మీద జనానికి పవర్ కంటే ఆ 200 మి.మీ. ఎక్కువ నచ్చింది. 2023 నవంబర్‌లో వచ్చిన 450కి పవర్ 40, ట్రావెల్ రెండు వైపులా 200.

పెద్ద బళ్లు చేసేవాళ్లూ ఊరుకోలేదు. 2023లోనే వచ్చిన ఆర్1300 జీఎస్ బరువు 237 కిలోలు, పాత ఆర్1250 జీఎస్ కంటే 12 కిలోలు తక్కువ. ఇక 2024 నవంబర్‌లో మిలాన్ ప్రదర్శనలో బీఎండబ్ల్యూ ఒక నమూనా బండి చూపించింది. పేరు ఎఫ్450 జీఎస్. రెండు సిలిండర్లు, 48 హార్స్‌పవర్, బరువు 175 కిలోలు.