రేగడి అంచున బోరాన్

బోరాన్ పైరుకు కొద్దిగానే కావాల్సిన పోషకం. దాన్ని అందించే లవణం బోరాక్స్‌ను ఎకరానికి 4 కిలోలు చల్లితే నేలకు చేరే బోరాన్ సుమారు 420 గ్రాములే. 15 సెంటీమీటర్ల లోతు దుక్కి మట్టి ఎకరానికి దాదాపు 9 లక్షల కిలోలు తూగుతుంది. అంటే మనం వేసింది 0.5 పీపీఎం (పది లక్షల పాళ్ల మట్టికి అర పాలు) కూడా నిండదు. ఆదిలాబాద్ జిల్లాలో, పెన్‌గంగ ఇవతలి నల్లరేగడిలో ఈ కాస్త బోరాన్ ఒక తీరుగా ఉంటే, ఎర్ర చల్క (ఇసుక నేల)లో ఇంకో తీరుగా ఉంటుంది.

రేగడిలోని బంకమట్టి రేణువు జొన్నరొట్టెల దొంతర లాంటిది. రొట్టె ముఖం మీద రుణావేశం ఉంటుంది. కాల్షియం, పొటాషియం అక్కడే అంటుకుంటాయి. మట్టినీటిలో బోరాన్ ఎక్కువగా బోరిక్ ఆమ్లంగా ఉంటుంది. దానికి ఆవేశమే లేదు కాబట్టి ముఖం మీద నిలవదు. దానికి పట్టు దొరికేది విరిగిన అంచుల దగ్గర. అక్కడ అల్యూమినియానికి అతుక్కున్న హైడ్రాక్సిల్ (ఆక్సిజన్-హైడ్రోజన్) గుంపులతో అది బంధం కట్టి, ఒక నీటి అణువును వదిలేస్తుంది. ఎర్రమట్టిలోని ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లూ ఈ పనే చేస్తాయి. నేల క్షారగుణాన్ని చెప్పే పీహెచ్ 9 దాకా పెరిగేకొద్దీ పట్టు బిగుస్తుంది. ఆపైన హైడ్రాక్సైడ్ అయాన్లే పోటీకొచ్చి చోటు లాక్కుంటాయి. మన రేగడి పీహెచ్ 8 చుట్టుపక్కల ఉంటుంది కనుక పట్టు గట్టిగానే ఉంటుంది.

పట్టుకున్నదంతా పోయినట్టు కాదు. వేరు పీల్చి మట్టినీటిలో బోరాన్ పలచబడితే, అంచుల నుంచి కొంత తిరిగి వస్తుంది. చల్కలో ఈ నిల్వ తక్కువ: బంకమన్ను కొద్ది, ఇసుక ఎక్కువ. గట్టి వానలకు బోరాన్ వేర్ల కిందికి జారిపోతుంది. అలాగని మోతాదు పెంచితే మొలకల ఆకు అంచులు మాడతాయి, ఎందుకంటే అదనపు బోరాన్‌ను పట్టి ఉంచే అంచులు అక్కడ లేవు.

రేగడిలో అసలు చిక్కు వాన మొహం చాటేసినప్పుడు. నేల ఎండితే బోరాన్ మరింత బిగుసుకుంటుంది, దాన్ని వేరు దాకా మోసే నీరూ ఉండదు. పత్తిలో ముదురాకుల బోరాన్ లేత భాగాలకు పెద్దగా కదలదు, అందుకే పూత, పిందె రాలుతాయి. అప్పుడు మట్టిలో వేసి లాభం లేదు. లీటరు నీటికి 1.5 గ్రాముల బోరాక్స్ కలిపి విత్తిన 60, 90 రోజులప్పుడు ఆకుల మీద పిచికారీ చేయాలి. బోరాక్స్ చన్నీటిలో త్వరగా కరగదు. ముందు కాస్త వేడినీటిలో కరిగించి ట్యాంకులో పోయాలి.

మట్టి పరీక్షలో వేడినీటికి దిగిన బోరాన్‌నే లెక్కిస్తారు, 0.5 పీపీఎం కంటే తగ్గితే లోపం. ఆ నీటిని మామూలు ల్యాబ్ గాజు బీకరులో మరిగిస్తే గాజులోని బోరానే దిగి, లోపమున్న నేల కూడా బాగున్నట్టు కనిపిస్తుంది.