బాండ్లు కొన్నది జనం, బేరమాడాల్సింది ఎవరు?

ఒక దేశం బాకీ ఎగ్గొడితే, ఆ దేశపు బాండ్లు కొని ఇరుక్కున్న తన పౌరుల తరఫున సొంత ప్రభుత్వం ఎంతదూరం వెళ్లాలి? బ్రిటన్ విదేశాంగ మంత్రి పామర్‌స్టన్ 1848లోనే దీనికి జవాబు చెప్పాడు. జోక్యం చేసుకునే హక్కు మాకుంది, వాడుకోవాలా వద్దా అన్నది మా ఇష్టం అని రాయబారులకు సర్క్యులర్ పంపాడు. తొందరపడి అప్పులిచ్చినవాళ్లు నష్టపోతే మిగతావాళ్లకు బుద్ధి వస్తుందన్న ధోరణి కూడా అందులో ఉంది.

ఇక లాభం లేదని మదుపరులే 1868లో లండన్‌లో విదేశీ బాండుదారుల సంఘం పెట్టుకున్నారు. పాత బాకీ తేల్చని దేశానికి లండన్ మార్కెట్‌లో కొత్త అప్పు పుట్టకుండా అడ్డుపడటమే వాళ్ల చేతిలో ఉన్న ఆయుధం.

'మా ఇష్టం' అన్న ముక్క మాత్రం చాలా దూరం వెళ్లింది. ఈజిప్టు 1876లో చెల్లింపులు ఆపేసింది. 1882లో బ్రిటిష్ సైన్యం అక్కడ దిగింది. బ్రిటన్‌కు కీలకమైన సూయజ్ కాలువ అక్కడ లేకపోతే బాండుదారుల గోడు ఎవరు పట్టించుకునేవారో! 1902లో బ్రిటన్, జర్మనీ, ఇటలీ యుద్ధనౌకలతో వెనిజులా రేవులను దిగ్బంధించాయి. బాకీ వసూలుకు ఆయుధాలు వాడకూడదని అర్జెంటీనా విదేశాంగ మంత్రి డ్రాగో గొంతెత్తాడు. 1907 హేగ్ ఒప్పందం ఆ మాటను సగమే ఒప్పుకుంది. మధ్యవర్తిత్వానికి రానని మొండికేసిన దేశం మీద బలప్రయోగానికి దారి వదిలేసింది.

అసలు తమాషా అమెరికాలో జరిగింది. 1920లలో అక్కడి బ్యాంకులు లాటిన్ అమెరికా బాండ్లను మామూలు జనానికి తెగ అమ్మాయి. 1931లో బొలీవియా, పెరూ, చిలీ వరుసగా చేతులెత్తేశాయి. పెరూ పరిస్థితి బాగోలేదని లోపల రిపోర్టులు ఉండి కూడా బాండ్లు అమ్మారని 1933లో సెనేట్ విచారణలో బయటపడింది. జనం కోపం చూసి అమెరికా చట్టసభ కాంగ్రెస్ ఆ ఏడాది సెక్యూరిటీస్ చట్టంలో (షేర్లు, బాండ్ల అమ్మకాల చట్టంలో) రెండో భాగం చేర్చింది. బాండుదారుల కోసం ఒక కార్పొరేషన్, దానికి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమించే డైరెక్టర్లు. అంతా బాగానే ఉంది కానీ, ఆ కార్పొరేషన్ విదేశాంగ శాఖ తరఫున మాట్లాడుతున్నానని చెప్పుకోకూడదు, ఆ శాఖ విధానానికి అడ్డం రాకూడదు. పైగా అధ్యక్షుడు ప్రకటిస్తే తప్ప ఆ భాగం అమల్లోకి రాదు. రూజ్‌వెల్ట్ ప్రకటించనే లేదు. ప్రభుత్వమే బేరానికి కూర్చుంటే ప్రతి బాకీ దౌత్య తగాదా అవుతుందన్నది భయం. డిసెంబరు 1933లో ప్రభుత్వ ఆశీస్సులతో బాండుదారుల తరఫున బేరమాడే ఒక ప్రైవేటు మండలి వచ్చింది. పాము చావకూడదు, కర్ర విరగకూడదు!

అర్జెంటీనా 2001లో దివాలా తీసినప్పుడు లక్షల మంది ఇటలీ మదుపరులు చిక్కుకున్నారు. వాళ్లలో చాలామంది బ్యాంకు కౌంటర్‌లో బాండ్లు కొన్న చిన్న పొదుపుదారులే. 1990లో రెండు ప్రభుత్వాలు కుదుర్చుకున్న పెట్టుబడుల రక్షణ ఒప్పందం ఈసారి పనికొచ్చింది. దాన్ని పట్టుకుని లక్షా 80 వేల మందికి పైగా ప్రపంచ బ్యాంకు అనుబంధ మధ్యవర్తిత్వ కేంద్రానికి వెళ్లారు, తర్వాత సుమారు 60 వేల మంది మిగిలారు. కేసు వినొచ్చని 2011లో ట్రిబ్యునల్ తేల్చింది. 2016లో అర్జెంటీనా అసలుకు ఒకటిన్నర రెట్లు ఇచ్చి రాజీ పడింది. ఒప్పందం మీద సంతకం ప్రభుత్వానిది, కేసు నడిపింది మాత్రం బాండుదారులే.